పురి ఎక్కడికి పోతుంది

నీళ్ల టవరు మీద మా గది.
నూట ముప్ఫై రెండు మెట్లు.
కింద ఊరికి మంచినీళ్లు, పైన మాకు సూర్యుడు.
పొద్దున్నే గుమ్మటం తలుపు జరిపి
బల్ల మీద కాగితం పరిచి
పళ్లెమంత వెలుగును దాని మీదికి దింపుతాను.
మచ్చలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.
పెన్సిలు చెక్కి, చుట్టూ గీస్తాను.
పందొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం,
ఎండ కాసిన రోజుల్లో.

ఆ జూలైలో తూర్పు అంచు మీంచి,
మధ్యరేఖకి దిగువన, ఒకటి లోపలికొచ్చింది.
నల్లటి కడుపు, చుట్టూ నార.
నార తిన్నగా లేదు,
తూములోకి జారే నీళ్లలా ఒక పక్కకి వాలి ఉంది.
ఎడమకి.
లోరాంద్ ఎర్ర ఫిల్టరు పెట్టి చూసి, మళ్లీ చూసి,
"కాగితం తిరగేసి పెట్టావా ఎతెల్కా?" అన్నాడు.
ఉత్తరాన ఎడమ పురి, దక్షిణాన కుడి పురి.
పదింట ఆరో ఏడో ఈ మాట వింటాయి.
మిగిలినవి ఎందుకు వినవో
వాటినే అడగాలి.
కాగితం సరిగ్గానే ఉంది.

మా నాన్న తాళ్లు పేనేవాడు.
నడుముకి నార చుట్టుకుని
వెనక్కి, వెనక్కి, వీధి చివరిదాకా నడిచేవాడు.
ఇవతల చక్రం తిప్పేది నేను.
ఆయన ముఖం చిన్నదైపోతుంటే
మా ఇద్దరి మధ్య తాడు పుట్టేది.
పోగుల్ని ఒక పక్కకి, పాయల్ని రెండో పక్కకి పేనితే
ఒకదాని కోపాన్ని ఒకటి పట్టి ఉంచుతుంది.
తాడంటే అంతే.
నాన్నది ఎడమచేతివాటం.
తిసా నది పడవవాళ్లు చేత్తో తడమగానే పోల్చుకుని
కొందరు తిట్టేవారు,
కొందరు అవే కావాలనేవారు.

ఆ రాత్రి బొమ్మ నకలు ఆయన ముందు పెట్టాను,
సూపు గిన్నె పక్కన.
కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.
వేలితో తడిమాడు, అదీ నారే అన్నట్టు.
"ఎక్కువ పేనారు."
"ఎవరు నాన్నా?"
"ఎవరైతేనేం. ఎదురుపాయ లేదు దీనికి.
ఇంకా తిప్పితే తెగదు, ఎతుష్.
నడుం వంచి తన మీద తనే పడుతుంది."
చెయ్యి తుడుచుకుని మళ్లీ అన్నాడు,
"పెట్టిన పురి ఎక్కడికీ పోదు.
తాడు మీద కనబడలేదంటే
ఎక్కడో మెలిక వేసుకుని కూర్చుందన్నమాట."

ఇదే మాటని మేము సమీకరణంగా రాస్తాం.
అందులో సూపు వాసన ఉండదు.

బుధవారం మచ్చలు రెండూ ఒకే నీడలోకి దూరాయి,
ఉత్తర ధ్రువం ఒకటి, దక్షిణ ధ్రువం ఒకటి,
ఇరుకు బస్సులో ఒకే సీటు దొరికిన పగవాళ్లలా.
గురువారం పెన్సిలు మొన రెండుసార్లు విరిగింది.
శుక్రవారం మబ్బు.

మూడింటికి కింద నుంచి కాపలా పిరోష్కా కేకేసింది,
"మీ నాన్న, ఫోన్లో!"
మెట్లన్నీ దిగాను.
"రేడియో పాడైంది" అన్నాడు.
"ఏదో దూరపు స్టేషను. గుర్రప్పందెం చెబుతున్నారు.
ఆఖరి మలుపులో హోరు.
ఆ తర్వాత హోరు కూడా లేదు.
తీగ విప్పి చూశాను, బాగానే ఉంది."
కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.
"అది గానీ విడిచిందా?"

పైన బీరువాలో పందొమ్మిదేళ్ల కాగితాలున్నాయి.
ఆ నిమిషానికి మాత్రం కాగితం లేదు.
మెట్లెక్కి రిజిస్టరు తెరిచాను.
మూడు గంటల ఏడు నిమిషాలు. మబ్బు.
గమనించినవారు అన్న గడిలో రాశాను:
షిపోష్ ఆంబ్రుష్, తాళ్ల పనివాడు.
లోరాంద్ చదివాడు. కొట్టెయ్యలేదు.

శనివారం ఎండ.
మచ్చ అక్కడే ఉంది, నార కాస్త తిన్నబడింది.
ఊడిన మెలిక ఈపాటికి
చీకట్లో ఎటో పోతూ ఉంటుంది,
వెనక్కి నడుస్తూ, ముఖం చిన్నదవుతూ.
గీత పూర్తి చేసేలోగా మళ్లీ ఫోను.
"ఏ గుర్రం గెలిచిందో
మీ వాళ్లెవరికైనా తెలుసా?"